పులి రగ్గులో దుబాయ్ వాసన

మా గల్లీలో మస్కట్ పోయినా, ఖతర్ పోయినా, దుబాయ్ పోయిండనే అంటారు. పోయినవాడు సెలవు మీద తిరిగొస్తే వాడికి ఎవరెంత దగ్గరో వాడి పెట్టె చెబుతుంది. తొవ్వలో పలకరించేవాళ్లకు నొప్పుల మందు డబ్బా. ఇంటికొచ్చి చాయ్ తాగేవాళ్లకు సెంటు సీసా. చుట్టాలకు ఖర్జూరం, సబ్బులు. రగ్గు మాత్రం ఒక్కరికే. జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో, పులి మొహమో గులాబీలో పైకి కనిపించేట్టు మడిచిన బరువైన రగ్గు. అది ఎవరింటికి పోతే వాడే ప్రాణమన్నమాట. అందుకే దాన్ని చంకలో పెట్టుకుని పోరు. రెండు చేతుల మీద, పసిబిడ్డను మోసినట్టు, గల్లీ పొడుగునా మోసుకుపోతారు. నలుగురు అడగాలి, నలుగురికి చెప్పాలి.

మూడేండ్ల కింద ఆ రగ్గు నాకొచ్చింది.

నేను ఆర్మూర్‌లో పసుపు కొనే ఒక సేటు దుకాణంలో పని చేస్తాను. రైతులు తెచ్చిన పసుపులో కొమ్ములు ఒక పక్కకు, గుండ్రని దుంపలు ఒక పక్కకు ఏరించడం, సంచులు తూయించడం నా పని. అది చేతుల పని. నోటికి వేరే పని ఉండేది. మనుషులకు పేర్లు పెట్టేవాణ్ణి. ధర చెప్పే ముందు పసుపు కొమ్మును విరిచి పది సార్లు వాసన చూసే ఒక వ్యాపారికి ముక్కుసారు అని నేనే పెట్టాను. మా వసారాలో నా భార్యతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్లలో పెద్దామె ఒకరుండేది, ఎవరింటి తగాదాకైనా చాట మీద చేతులాపకుండానే తీర్పు చెప్పేది. ఆమె జడ్జి అవ్వ. నేను పెట్టిన పేరుతో ఆమె మనుమలు కూడా పిలిచేవారు. ఇంతమందికి పేర్లు పెట్టినవాడికి ఎవరూ పేరు పెట్టలేదు. అది నా గొప్ప అనుకునేవాణ్ణి.

రగ్గు తెచ్చినవాడు నా దోస్తు. మేమిద్దరం ఏడో తరగతిలో ఒకే రోజు బడి మానేశాం. భూమి గుండ్రంగా ఉందనడానికి రుజువేమిటని సారు నన్ను లేపి అడిగాడు. "పొద్దుగాల మీరు మమ్ముల బయటికి ఎల్లగొడ్తరు, తిరిగి తిరిగి పొద్దూకేసరికి మల్ల మీ దగ్గరికే వస్తం కద సార్" అన్నాను. సారు నన్ను బయటికి పంపాడు. వాడు నవ్వాడని వాణ్ణీ పంపాడు. ఇద్దరం ఆ సాయంత్రం తిరిగి పోలేదు. మర్నాడూ పోలేదు. నా మాటకు నవ్వినందుకు వాడి చదువు పోయిందన్నది నాకు ఎప్పుడూ లోపల ఉండేది. అందుకే వాడు ఏం చేసినా నా లెక్కలో మాఫీ.

ఆ జనవరిలో వాడు సెలవు మీద వచ్చాడు. పొలాల్లో పసుపు తవ్వి ఉడికించే రోజులు, పొద్దున్నే చలి కొరికేది. వచ్చిన నాడే వాడు పెట్టె, బట్టలు, చెప్పులతో సహా తమ డాబా మీద ఎండలో పరిచాడు. మూడు రోజులు అవి అక్కడే ఉన్నాయి. కింది నుంచి చూసి నేను ఊరుకుంటానా.

"ఏంరా, దుబాయ్ బట్టలకు ఆర్మూర్ ఎండ చూపిస్తున్నవా. గక్కడ ఎండ సరిపోలేదా?"

"ఏం లేదురా, పెట్టెల తేమ పట్టింది."

ఎడారిలో తేమ ఎక్కడిదని నాకు తోచలేదు. అదే రోజు సాయంత్రం వాడు రగ్గును చేతుల మీద పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గల్లీ అంతా చూసింది. "గిది నీకేరా. ఒక్కటే తెచ్చిన" అన్నాడు. పులి బొమ్మ. పచ్చ కండ్లు. నేను దాన్ని అందుకుని ఏదో పరాచికమాడబోయి, ఊరికే నవ్వాను.

జిప్పు తీయగానే వాసన గుప్పుమంది. కలరా ఉండలకూ అత్తరుకూ మధ్య, ముక్కులోంచి నడి నెత్తికి తగిలే వాసన. నా భార్య కండ్లు మూసుకుని పీల్చింది. "ఉతకొద్దు. ఉతికితే దుబాయ్ వాసన పోతది" అన్నది. మా దగ్గర అందరూ అంతే. దుబాయ్ నుంచి వచ్చిన వస్తువు దానంతటది వాసన పోగొట్టుకునేదాకా నీళ్లు చూపించరు. ఆ వాసన ఉన్నన్ని రోజులే అది కొత్తది, అన్ని రోజులే చుట్టుపక్కల వాళ్లకు చూపించుకునేది. మర్నాడు బీడీలు చుట్టను వచ్చిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయి రగ్గును ముక్కుకు ఆనించుకుని వచ్చారు. జడ్జి అవ్వ మాత్రం మోకాళ్ల నొప్పులని లేవలేదు. ఆ రోజు ఆమె మోకాళ్లు బాగుండి ఉంటే నేను ఈ కథ రాసే పని ఉండేది కాదు.

మూడు వారాలకు దురద మొదలైంది.

ముందు దోమలనుకున్నాం. దోమకాటు ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఇవి వరసగా, మూడేసి, నాలుగేసి, ఎవరో కొలిచి పెట్టినట్టు ఉండేవి. మా బిడ్డకు అప్పుడు పదేండ్లు. దాని మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా దద్దుర్లు లేచాయి. గోకి గోకి రక్తం తెచ్చుకునేది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. వంకాయ అన్నాం. వంకాయ బంద్ చేయండి, గుడ్డు బంద్ చేయండి అని గోలీలు రాశాడు. లేత వంకాయలు వచ్చే కాలంలో మా ఇంటి ముందు నుంచి తోపుడు బండి పోతుంటే ముగ్గురం దాన్ని దొంగను చూసినట్టు చూసేవాళ్లం. పాపం, వంకాయకు ఏమీ తెలియదు.

ఒక పొద్దున దిండు గలీబు మీద తుప్పు మరకల్లాంటి చుక్కలు చూసి నా భార్య పరుపు కుట్టు విప్పింది. నన్ను పిలవలేదు. నేను పోయేసరికి చీపురు పుల్లతో ఒకదాన్ని నొక్కి పట్టుకుని ఉంది. నేను బొటనవేలితో నలిపాను. ముదిరి కుళ్లిన కొత్తిమీర వాసన. చిన్నప్పుడు ఎండాకాలం వాకిట్లో మంచాలు దబదబా కొట్టి కిరోసిన్ పోసేప్పుడు వచ్చిన వాసన. ఇంతకాలానికి మళ్లీ.

"నల్లులు" అన్నాను.

"నెమ్మదిగ అను" అన్నది. వసారాలో ఆడవాళ్లు ఉన్నారు. "నీ నోరు నాకు తెల్సు. గిది ఒక్కటి మాత్రం బయట చెప్పకు. బిడ్డ మీద ఒట్టు."

ఎందుకంత భయమో బీడీలు చుట్టే ఇంటివాళ్లకు తెలుస్తుంది. ఆ వసారాలో ఐదుగురు ఆడవాళ్లు ఒక చాప మీద మోకాలికి మోకాలు ఆనించి, ఒళ్లో చాటలు పెట్టుకుని పొద్దంతా కూర్చుంటారు. అది పని ఒక్కటే కాదు. నా భార్య లోకమంతా ఆ చాప. ఎవరింట్లో ఏం వండారో, ఎవరి కొడుకు ఫోన్ చేశాడో, ఎవరి అత్త ఏమన్నదో అన్నీ ఆమెకు అక్కడే తెలిసేవి. అందరూ మా వసారాకే ఎందుకు వచ్చేవారంటే మా ఇల్లు అద్దంలా ఉంటుందని. ఆ మాట పోతే చాప పోతుంది.

ఆర్మూర్‌లో పుట్టినవాడికి ఏమొచ్చినా చెయ్యి పసుపు మీదికే పోతుంది. తెగితే పసుపు, దగ్గితే పసుపు, దిష్టి తగిలితే పసుపు. దుకాణంలో పసుపును మెరుగు పెట్టే డ్రమ్ము కింద రాలిన పొడిని ఒక సంచెడు తెచ్చి పరుపులో, మంచం సందుల్లో, గోడ పగుళ్లలో నింపాను. ఏ పురుగైనా చావాల్సిందే అన్నాను. పొద్దున్నే లేచేసరికి ముగ్గురం నలుగు పెట్టినట్టున్నాం. బడిలో టీచరు మా బిడ్డను ఎవరి పెండ్లి అని అడిగిందట. నల్లులకు ఏమీ కాలేదు. పచ్చగా అయ్యాయి, అంతే. మంచం కోడు మీద వరసగా నడిచిపోతుంటే పెండ్లివారు విడిదికి పోతున్నట్టుండేది. నా జన్మలో దొరికిన మంచి మాటల్లో అదొకటి, దుకాణంలో చెబితే సేటు గద్దె మీద దొర్లి నవ్వేవాడు. ఒట్టు పెట్టినందుకు మింగేశాను.

రోజులు పోతున్న కొద్దీ మాకు నిద్ర పోయింది. కాలి మీద బనియన్ దారం తగిలినా లేచి ఫోన్ లైటు వేసేవాణ్ణి. పగలు దుకాణంలో పసుపు కొమ్ములు కదులుతున్నట్టు కనిపించేవి. ఒకనాడు పోపులో ఆవాలు పాకుతున్నాయని నా భార్య గిన్నెడు పప్పు పారబోసింది. ఇద్దరం ఒకరినొకరు అనుకోవడం మొదలుపెట్టాం. మీ దుకాణం గోనె సంచుల నుంచే వచ్చాయని ఆమె, మీ తల్లిగారింటి నుంచి తెచ్చిన బొంత నుంచే అని నేను. పెండ్లయిన పన్నెండేండ్లలో ఆమె తల్లిగారింటిని నేను ఎగతాళి చేసింది వెయ్యి సార్లు, నిజంగా తిట్టింది అప్పుడే.

రగ్గును మాత్రం ప్రాణంలా కాపాడుకున్నాం. నల్లులు ఎక్కుతాయని పగలంతా జిప్పు సంచిలో పెట్టి అల్మారా పైన ఉంచేవాళ్లం. చీకటి పడ్డాక తీసి బిడ్డకు కప్పేవాళ్లం. ఇంట్లో అది ఒక్కటే శుభ్రమైన గుడ్డ కదా, దాంట్లో అయినా అది కాస్త నిద్రపోతుందని. తల నుంచి పాదాల దాకా గట్టిగా చుట్టి, అంచులు కిందికి దోపి మరీ కప్పేవాళ్లం.

ఒట్టును ఒక్క మనిషి దగ్గర తప్పాను. దోస్తు వచ్చి కూర్చున్నప్పుడు చెప్పేశాను. వాడు ఆ సెలవంతా మా ఇంటికొస్తే ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చునేవాడు. "మంచం మీద కూసో అన్నా" అని నా భార్య అంటే, "నడుము నొస్తది చెల్లె, గీ కుర్చే మంచిగున్నది" అనేవాడు. నేను చెప్పిందంతా విని వాడు ఒక్కటే అడిగాడు.

"రగ్గుల గిట్ల ఏమన్న కనిపిచ్చినయా?"

"దానికేమైతదిరా. సంచిల పెట్టి భద్రంగ దాస్తున్న. బిడ్డకు అదే కప్పుతున్న."

వాడు చాయ్ గ్లాసులోకి చూశాడు. "మంచిగ చేసినవ్" అన్నాడు. చాయ్ సగమే తాగి లేచాడు.

మర్నాటి నుంచి వాడి భార్య మా వసారాకు రాలేదు. నడుము నొప్పి అన్నది. ఆ ఇంట్లో అందరికీ నడుములే. రెండు రోజులకు ఇంకొకామె, మీ రేకుల కింద ఉడుకవోస్తుందని చాట ఎత్తుకుపోయింది. ఫిబ్రవరి నెల, చెంగు కప్పుకుని కూర్చునే చలి. వారం తిరిగేసరికి జడ్జి అవ్వ కూడా రావడం మానేసింది. అందరూ పోయి దోస్తు ఇంటి ముందు చాప వేసుకున్నారు. మా గడపలో నిలబడితే వాళ్ల నవ్వులు వినిపించేవి. నా భార్య వసారాలో ఒక్కతే కూర్చుని, తునికాకు కత్తిరించి, బీడీ చుట్టి, ఎవరో పక్కన ఉన్నట్టు అప్పుడప్పుడు తల తిప్పేది.

"నువ్వు ఎవలకన్న చెప్పినవా?" అని అడిగింది.

"లేదు" అన్నాను. దోస్తుకు చెప్పడం బయట చెప్పడం కిందికి రాదని నా నమ్మకం.

సేటు దుకాణంలో తెల్లగుడ్డ పరిచిన గద్దె ఉంటుంది. సేట్లు, వ్యాపారులు బాలీసులకు ఆనుకుని కూర్చుంటారు. పనివాళ్లలో దాని అంచు మీద కూర్చునే హక్కు నాకొక్కడికే ఉండేది, నవ్విస్తానని. ఆ రోజు ఎప్పటిలాగే కూర్చోబోతుంటే సేటు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర గోనెల దిక్కు కూసో."

ముక్కుసారు కాళ్లు ముడుచుకున్నాడు. "నల్లుల సేటు వచ్చిండు, గద్దె మలుపుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. సంచులు మోసే హమాలీలు కూడా.

నేనూ నవ్వాను. పేరు పెట్టడంలో పనితనం నాకు తెలుసు, అది మంచి పేరు. నాలుక మీద నిలబడే పేరు. "మస్తున్నది సారు. ఎవలు పెట్టిండ్రు?" అన్నాను.

"నీ దోస్తే" అన్నాడు సేటు. "మొన్న ఈడ చాయ్ తాగుకుంట చెప్పిండు. నల్లులకు పసుపు పూసి పెండ్లి చేస్తున్నవంట కదా. కడుపుబ్బ నవ్విచ్చిండు పో."

ఆ పెండ్లి మాట నాది. వాడికొక్కడికే చెప్పాను. నేను మింగిన మాటను వాడు నా దుకాణంలోనే అమ్ముకుని పోయాడు. అందరికంటే ఎక్కువసేపు నేనే నవ్వి, గోనెల మీదికి పోయి కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్క మాట రాలేదు. అయినా మనసు వాడి తరఫునే మాట్లాడింది. దోస్తులం, పరాచికమాడాడు, నేను ఎంతమందిని ఆడలేదు అని. ఇంట్లో చెప్పలేదు.

పరుపు కాల్చేశాం. మంచం మీద సలసల కాగే నీళ్లు పోశాం. గోడలకు సున్నం వేశాం. నాలుగు రోజులు బాగుండేది, ఐదో రోజు బిడ్డ చేతి మీద మళ్లీ వరస. అప్పటికి అది బడిలో వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంటోందని తెలిసింది. మాకు చెప్పలేదు. పక్క పిల్లే వచ్చి చెప్పింది.

ఒక మధ్యాహ్నం జడ్జి అవ్వ వచ్చింది. మరిచిపోయిన కత్తెర తీసుకుపోదామని వచ్చానని వాకిట్లోనే నిలబడింది. నేను అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాను. బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉంటే రగ్గు కప్పి వసారాలోనే పడుకోబెట్టాం. అవ్వ కత్తెర అందుకుని, బిడ్డ నుదురు ముట్టుకుందామని వంగి, ఆగిపోయింది.

"గీ వాసనేంది?"

"దుబాయ్ వాసన అవ్వా" అన్నది నా భార్య. "ఇంక పోలేదు."

"నీ మొకం. గిది నల్లుల మందు వాసన. నా కొడుకు దుబాయ్‌ల కూలోల్లుండే క్యాంపుల కెల్లి వచ్చినప్పుడు గిదే కొట్టింది. గక్కడ మంచానికి మంచం నల్లులేనట. నేను వాన్ని ఆకిట్లనే నిలవెట్టి బట్టలిప్పిచ్చిన, పెట్టెను గడప దాటనియ్యలే. మూడొద్దులు ఎండల పెట్టిన." ఆమె రగ్గు అంచును వేళ్లతో నలిపి చూసింది. "ఎవలు తెచ్చిండ్రు గిది?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అవ్వ కత్తెర పెట్టి అంచు కుట్టును జానెడు కత్తిరించింది. లోపల తెల్లని పొడి, ఉండలు కట్టి. పొట్టులాంటి ఖాళీ పెంకులు. వాటి మధ్య, మందు తిని బతికినవి, వెలుతురు చూసి నాలుగు దిక్కులా పరుగెత్తాయి.

నా భార్య ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుని దాని చెయ్యి తిప్పి చూసింది. "అంచులు దోపి మరీ కప్పిన" అన్నది. ఆ మాటే రెండు సార్లు అన్నది.

రగ్గును సంచిలో పెట్టి జిప్పు వేసి, రెండు చేతుల మీద మోసుకుంటూ వాడి ఇంటికి పోయాను. అలవాటు, చేతులకు వేరే రకంగా మోయడం రాలేదు. వాకిట్లో చాప మీద అందరూ ఉన్నారు. వాడి భార్య నన్ను, రగ్గును చూసి చాటలోకి తల దించుకుంది. బీడీ దారం తెగినా ముడి వేయలేదు. ఆమెకూ తెలుసని అప్పుడర్థమైంది. అందరి ముందూ అడగొచ్చు. అడగలేదు. వాణ్ణి డాబా మీదికి పిలిచాను, వాడు మూడు రోజులు బట్టలు ఎండబెట్టుకున్న డాబా మీదికే.

"నీకు తెల్సా?"

వాడు కత్తిరించిన అంచును చూశాడు. "తెల్సు."

"ఎప్పటి సంది?"

"కంపెనీ మూసిండ్రురా. ఆఖరి నెలలు మాకు తిండికే తిప్పలైంది. అందరికి ఏదో ఒకటి తెస్త గాని, నీ దగ్గరికి ఉత్త చేతుల్తోని ఎట్ల రావాలె. నేను కప్పుకున్నదానికే మందు కొట్టిన. సంచి పక్క రూమోన్ని అడిగి తీసుకున్న. సచ్చినయనే అనుకున్న. నీ మీద ఒట్టు."

"సరే. నేను నల్లులున్నయని నీకు చెప్పిన దినం?"

వాడు సంచి జిప్పును అటూ ఇటూ లాగాడు.

"నా బిడ్డకు అదే కప్పుతున్న అన్న. మంచిగ చేసినవ్ అన్నవ్."

"గా దినం చెప్తే పాతదని తెలుస్తది కదరా." జిప్పు వదిలి మళ్లీ అన్నాడు, "దుబాయ్ నుంచి వచ్చింది నేను. జనం నా దిక్కు చూస్తరనిపిచ్చింది. ముందుగాలనే నీ దిక్కు చూపిచ్చిన. నువ్వైతే నవ్వి ఊకుంటవ్ కదా. నువ్వు అందరికి పేర్లు పెడ్తవ్."

రగ్గు బరువును చేతుల మీద సర్దుకున్నాను.

"కింద అందరున్నరు. దిగి ఒక్క మాట చెప్పు. పాతదని చెప్పకు. రగ్గుల కెల్లి వచ్చినయ్, వాళ్లింటి తప్పు లేదు అని, గంతే."

"ఈడ కాదురా. రేపు మీ ఇంటికే వస్త. అందరిని పిలువు. మంచం మీద కూసొని చెప్త."

మర్నాడు నా భార్య తెల్లవారకముందే వసారా కడిగింది. చాప దులిపి వేసింది. జడ్జి అవ్వ ద్వారా అందరికీ చెప్పి పంపింది, ఇద్దరు వచ్చి వాకిట్లో నిలబడ్డారు కూడా. చాయ్ పెట్టింది. చల్లారితే మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టేసరికి నిలబడ్డ ఇద్దరూ పోయారు. నేను దుకాణానికి పోకుండా గడపలో కూర్చున్నాను. వాడు ఏదో ఇంటర్వ్యూ ఉందని హైదరాబాద్ పోయాడట. అక్కడి నుంచి అటే, వేరే కంపెనీకి, పోయాడు. సంచి సర్దుకోవడానికి కూడా గల్లీలోకి రాలేదు.

ఆ సాయంత్రం నా భార్య "ఇగ చెప్పు. గల్లీ నడిమిట్ల నిలవడి చెప్పు" అన్నది. చెప్పే నోరే నాది. ఎంత కూడదీసుకున్నా ఇదొక్కటి రాలేదు.

నల్లుల సంగతి చివరికి పసుపే చూసింది, నేను అనుకున్న తీరుగా కాదు. కమ్మర్‌పల్లి దిక్కు నుంచి మా దుకాణానికి వచ్చే ఒక రైతు దగ్గర ఆవిరితో పసుపు ఉడికించే బాయిలర్ ఉంది. ఇనుప డ్రమ్ములో పచ్చి పసుపు పోసి మూత బిగిస్తే, గొట్టంలోంచి ఆవిరి వచ్చి ఉడికిస్తుంది. కొమ్ము నడుమ దాకా పోయే ఆవిరి దారం నడుమ దాకా పోదా అనిపించింది. అడిగితే ఆ రైతు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"పసుపు ఉడుకవెట్టే దాంట్ల రగ్గు ఉడుకవెడ్తవా. తలకాయ మంచిగనే ఉన్నదా?"

"అది ఒక్కటే మిగిలింది, అన్నా. దాన్ని గూడ పెట్టుమంటే పెడ్త."

నవ్వాడు. నెలన్నర తర్వాత నా మాటకు నవ్విన మొదటి మనిషి. "ఆఖరి డ్రమ్ము దిగినంక పెట్టుకో. కడిగిచ్చి పోవాలె" అన్నాడు. రగ్గు, బొంతలు, దుప్పట్లు, చీరలు, బిడ్డ బడి బట్టలు అన్నీ మూటలు కట్టి తీసుకుపోయాను. గంటసేపు ఆవిరి పట్టించాను. అన్నీ పచ్చగా ఉడికి వచ్చాయి. వాకిట్లో తాడు కట్టి ఆరేస్తే మా ఇంట్లో ఏడు పెండ్లిళ్లయినట్టు కనిపించింది. పులి ఇంకాస్త పులి అయింది. వాసన చూశాను. దుబాయ్ లేదు. పసుపే ఉంది.

రెండు వారాలు ఒక్క కాటు లేదు. అప్పుడు జడ్జి అవ్వ చాట పట్టుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే, మా చాప మీద ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది. గల్లీ వాళ్లు అడిగితే, "నేను కూసుంటున్న కద, నన్ను ఒక్కటన్న కరిచిందా" అనేది. వాడి పేరు ఆమె కూడా ఎత్తలేదు. కొన్నాళ్లకు ఇంకో ఇద్దరు వచ్చారు. దోస్తు భార్య రాలేదు. ఆమె తమ వాకిట్లో ఒక్కతే కూర్చుని చుట్టుకునేది. నల్లా దగ్గర ఎదురుపడితే నా భార్య ఆమె బిందెను ముందు పెట్టనిచ్చి పక్కకు జరుగుతుంది, మాట్లాడదు. నన్ను దుకాణంలో ఇప్పటికీ నల్లుల సేటు అనే పిలుస్తారు. గద్దె అంచు మీదికి మళ్లీ పిలిచారు. గోనెలే మెత్తగున్నాయని చెప్పాను.

నేను ఎవరికీ పేర్లు పెట్టడం లేదు. మానేయాలని మానేయలేదు. మనిషిని చూడగానే నోటికి వచ్చేది ఇప్పుడు రావడం లేదు.

పోయిన ఏడాది వాడు సెలవు మీద వచ్చాడు. వచ్చిన మూడో రోజు మా ఇంటికొచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు, సెంటు సీసా కూడా. వసారాలో ఆడవాళ్లు చాప మీద ఉన్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీ లాగాను. వాడు దాన్ని చూసి, దాటుకుని పోయి మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు పైకి ముడుచుకుని, అందరికీ కనిపించేట్టు. కత్తెరల చప్పుడు ఒక్కటే ఉంది.

"ఇల్లు మస్తు సాఫ్‌గున్నదిరా" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమో అని నా భార్య చుట్టిన బీడీకి దారం కట్టకుండా పట్టుకుని కూర్చుంది. వాడు కొత్త కంపెనీ గురించి చెప్పాడు. అక్కడి రూముల్లో ఏసీ ఉందని చెప్పాడు. చాయ్ మొత్తం తాగాడు. వాడు మాట్లాడుతున్నంతసేపూ నా మెడ వెనక దురద పెట్టింది. తర్వాత మోచేయి. తర్వాత నడుము చుట్టూ వరసగా, మూడేసి, నాలుగేసి. గోక్కుంటే వాడు చూస్తాడని చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

వాడు లేచి పోయాక జడ్జి అవ్వ చాటలోంచి తలెత్తకుండా, "కూసునుడైతే కూసున్నడు" అన్నది.

నా భార్య లేచి మంచాన్ని పక్కకు తిప్పింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ లైటు వేసి ఇద్దరం మంచం కోళ్ల సందులు, నవారు మడతలు, ఒక్కొక్కటే చూశాం.

"ఏం లేదు" అన్నది.

"ఏం లేదు" అన్నాను, మెడ గోక్కుంటూ.